కాలువకు ఇచ్చిన తోట

మా ఊరు కార్వేటినగరానికి దగ్గర. చెరువు నిండితే వరి, లేకుంటే చెనిక్కాయ. పూడిక తీయాల్సింది ఊరా, సర్కారా అన్న వాదులాటలోనే ఆ చెరువు మేట వేసింది. తర్వాత అందరూ బోర్లు వేశారు. అవీ ఎండిపోయాయి. అప్పుడు ప్రభుత్వం కాలువ తవ్విస్తుందనీ, ఎక్కడో ఉన్న నది నీళ్ళు మా చెరువుకు వస్తాయనీ అన్నారు.

ఆ కాలువ మా మామిడితోట నడిమధ్యగా పోతుందని సర్వేవాళ్ళు రాళ్ళు పాతారు. అమ్మ ఒప్పుకోలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె కడవలతో నీళ్ళు మోసి పెంచిన చెట్లవి. నాయన నచ్చజెప్పాడు.

"మనం అడ్డం పడితే ఊరికి నీళ్ళు యాడ నుంచి వస్తాయిమే?"

చెట్లు కొట్టేనాటికి పిందె మీద ఉన్నాయి. అమ్మ తలుపు వేసుకుని లోపలే కూర్చుంది. నాయన మాత్రం యంత్రం నడిపేవాళ్ళకు సంగటి, ఊరిబిండి పచ్చడి పట్టుకుపోయాడు.

కాలువ మా పొలం దాటి కొంత దూరం పోయాక పని ఆగిపోయింది. ఆఫీసుకు వెళ్ళి అడిగినప్పుడల్లా నీళ్ళు వస్తాయనే చెప్పారు. గట్ల మీద తుమ్మచెట్లు లేచాయి. నాయన రోజూ పొద్దున్నే పోయి కాలువలోకి తొంగి చూసి వచ్చేవాడు. ఊళ్ళో కొందరు నవ్వేవాళ్ళు. అమ్మ ఒక్కనాడూ దెప్పలేదు.

గుండెజబ్బు ముదిరి నాయనను తిరుపతి ఆసుపత్రిలో చేర్చాం. బట్టలు తేవడానికి ఊరికి పోయివచ్చిన అమ్మ మంచం మీదికి వంగింది.

"కాలవకు నీళ్ళొచ్చినాయి. నేను దిగి కాళ్ళు కడుక్కోని వచ్చినా."

తోట పేరెత్తితేనే కన్నీళ్ళు పెట్టుకునే మనిషి ఆ అబద్ధం చెబుతుంటే చూడలేక గోడవైపు తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి నాయన ఆమె పాదాల వంక చూస్తున్నాడు. పగిలిన మడమల నిండా ఎర్రటి దుమ్ము.

"అట్నా," అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని, "శానా మంచిదిమే," అన్నాడు.

మర్నాడు పోయాడు.

శ్మశానం కాలువకు అవతల ఉంది. వంతెన కట్టనేలేదు. పాడెను ఎండిన కాలువలోకి దించి అవతలి గట్టుకు ఎక్కించాల్సి వచ్చింది. ఆడవాళ్ళందరూ ఊరి చివరే ఆగిపోయినా అమ్మ గట్టుదాకా నడిచింది.

"నిదానంగా దించండప్పా, మట్టి జారతాది," అంది మోసేవాళ్ళతో.

ఇప్పుడు ఆమె తిరుపతిలో నా దగ్గరే ఉంటోంది. ఊరి నుంచి ఎవరొచ్చినా వానల సంగతి అడుగుతుంది. కాలువ మాట మాత్రం ఎత్తదు. వచ్చినవాళ్ళూ ఎత్తరు.