జర్మనీ కారుకు కొత్త లైట్లు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా పక్కింటివాళ్లు కొత్తగా కొన్న విదేశీ కంపెనీ కారు ముందు నిలబెట్టి నన్ను ప్రార్థన చేయమన్నారు. పెద్దవాణ్ణి కదా, చేశాను. కాగితాలన్నీ వచ్చాయా అని అలవాటు కొద్దీ అడిగితే ఆ ఇంటి అబ్బాయి ఫోను తీసి చూపించాడు, షోరూములోనే అంతా అయిపోయిందట. నేను నవ్వి ఊరుకున్నాను గాని, ఒక్క కారు కాగితాల కోసం రేపల్లె, బాపట్ల, తెనాలి మధ్య తిరిగిన నా పాతరోజులు గుర్తొచ్చి ఆ మధ్యాహ్నం నిద్ర పట్టలేదు.

ఎనభైల చివర్లో, రేపల్లె దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో గుమాస్తాగా చేరాను. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. మా డాక్టరమ్మగారు లంక ఊళ్లకు వెళ్లి గర్భిణీలను చూసి వచ్చేవారు. ఆవిడ తిరిగే పాత జీపు ఒకసారి దారిలో ఆగిపోయి, ఒక తల్లిని వేళకు ఆసుపత్రికి చేర్చలేకపోయారు. ఆ సంగతి తెలిసి, జర్మనీలో ఆవిడతో చదువుకున్న స్నేహితులు తమ కారొకటి ఓడలో మద్రాసుకు పంపారు. స్టీరింగు ఎడమ పక్కన ఉండే కారు. దాన్ని మన దేశపు నిబంధనలకు తగ్గట్టు సరిచేయించి రిజిస్టరు చేయించే పని నామీద పడింది. ఇందులో ఒక్క మేకు పోయినా మళ్లీ దొరకదు నాయనా, జాగ్రత్త అన్నారు డాక్టరమ్మగారు. ఆ మాటను నేనెంత గట్టిగా పట్టుకున్నానంటే, ఆనాటినుంచి నాకెదురైన ప్రతివాడూ ఆ కారును ఊడదీసుకుపోవడానికే వచ్చినట్టు కనిపించాడు.

మొదటి అనుమానం బాపట్లలో బండ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగారి మీద. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, స్టీరింగు ఎడమవైపని వెనక రాయించాలన్నారు, సిగ్నళ్లు సరిచేయించాలన్నారు, ముందు లైట్ల అద్దాల మీది గీతలు వంగి చూసి అవి అసలు పనికిరావన్నారు. పట్టపగలు, వెలిగించనైనా వెలిగించకుండా పనికిరావని ఎలా చెప్పాడీయన? పైగా ఎక్కడ చేయించాలండీ అని అడిగితే తెనాలిలో ఒక మేస్త్రీ పేరు చెప్పారు. ఇంకేముంది, ఇద్దరూ కూడబలుక్కున్నారని నాకు రూఢి అయిపోయింది.

అందుకే కారును తెనాలి షెడ్డుకు చేర్చే ముందు, ఆసుపత్రిలో పుళ్లకు పూసే ఊదారంగు మందు చిన్న సీసాలో పట్టుకెళ్లి, లైట్లకూ అద్దాలకూ లోపలివైపు ఎవరికీ కనబడకుండా గుర్తుగా చుక్కలు పెట్టాను. మేస్త్రీ నలభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. నన్ను మొదటిరోజే తమ్ముడూ అని పిలిచాడు. నేను మాత్రం ఆయన తెప్పించిన టీ తాగలేదు. స్టూలు వేసుకుని కూర్చుని ఆయన చేతులకేసే చూస్తూ ఉండేవాణ్ణి, భోజనానికి కూడా లేచేవాణ్ణి కాదు. ఆయనకది తెలియకపోలేదు, అయినా ఏమీ అనేవాడు కాదు.

మధ్యలో ఆసుపత్రి పని పడి నాలుగు రోజులు వెళ్లలేకపోయాను. అయిదోరోజు పాసింజరు దిగి షెడ్డుకు పోయి, వంగి చూద్దును కదా, లైట్లకు చుక్కల్లేవు. అద్దాలే వేరు.

"మా లైట్లేవి? ఎవరికమ్మేశావు?" అని అరిచాను. పక్క షాపులవాళ్లు బయటికొచ్చారు.

మేస్త్రీ చేతులు తుడుచుకుని డిక్కీ తెరిచాడు. పాత లైట్లు రెండూ శుభ్రమైన గుడ్డలో చుట్టి ఉన్నాయి, ఊదారంగు చుక్కలతో సహా.

"ఈ చుక్కలు మొదటిరోజే చూశానండి," అన్నాడు. "చెరిగిపోతే మీరు కంగారు పడతారని తుడవలేదు."

ఆయన అంతటితో వదల్లేదు. పాత లైటొకటి తిరిగి బిగించి, కారును ఎదురుగా ఉన్న ధాన్యం గోడౌనులోకి తోయించి తలుపులు వేయించాడు. ఆ చీకట్లో గోడమీద కొత్త లైటు వెలుతురు కిందికి, ఎడమకు ఒదిగి పడింది. పాతదాని వెలుతురు కుడివైపు ఎగదన్నింది.

"వాళ్ల దేశంలో రోడ్డుకి కుడిపక్కన పోతారండి, అద్దం మీద గీతలు అక్కడికి తగ్గట్టు పెట్టారు. మీరట్టా కుడిపక్కకెళ్లి నిలబడండి. మన రోడ్డు మీద సైకిలెక్కి ఎదురొస్తన్నారనుకోండి."

నిలబడ్డాను. కళ్లు చెదిరి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను.

"మా తమ్ముడు చెరుకుపల్లి రోడ్డులో ఇట్టాగే పోయాడు సార్. ఎదురు లారీ లైటు కళ్లలో పడి కాలవలో పడ్డాడు. ఇన్‌స్పెక్టరుగారే ఆ రోజు లారీ తనిఖీకొచ్చి శవాన్ని తీయించింది. అప్పట్నుంచీ లైట్ల పనంటే నాకే చెప్తారు."

క్షమించమన్నాను. ఫర్వాలేదు సార్ అన్నాడు. అంతవరకూ తమ్ముణ్ణయిన నేను ఆ గోడౌనులో సార్‌నైపోయాను.

ఆ వారమే బాపట్లలో కారు పాసైంది. ఇన్‌స్పెక్టరుగారు మా దగ్గర టీ కూడా తాగలేదు. ఆ కారులో ఎందరు తల్లులు ప్రాణాలతో ఆసుపత్రి గడప తొక్కారో నేను లెక్కపెట్టలేదు. జరిగిందంతా చెబితే డాక్టరమ్మగారు, ఆ మేస్త్రీని ఇంటిల్లిపాదితో భోజనానికి పిలువు అన్నారు. వెళ్లి పిలిచాను. పనుంది సార్, ఇంకోసారి వస్తాను అన్నాడు. రాలేదు. తరువాత రెండుసార్లు ఆ షెడ్డు దాకా వెళ్లి కూడా, లోపలికి వెళ్లే ధైర్యం చాలక వెనక్కి వచ్చేశాను.

ఇప్పుడు ఆ వీధిలో షెడ్డూ లేదు, గోడౌనూ లేదు. కార్లను యంత్రాలే పరీక్షిస్తాయట, నాలాగా స్టూలేసుకుని కాపలా కాసే అవసరం ఎవరికీ లేదు. మంచిదే. కానీ పొద్దుగూకాక మా మనవడి బండి వెనక కూర్చుని చెరుకుపల్లి వైపు వెళ్తుంటే, ఎదురొచ్చే ప్రతి కారూ తెల్లటి వెలుతురు మొహాన కొట్టి పోతుంది. మనవడు తిట్టుకుంటూ బండి పక్కకు దించుతాడు. ఎదుటివాడి కళ్లకెలా ఉంటుందో గోడకేసి చూసుకుని మరీ లైటు బిగించిన మనిషిని, ఊరందరి ముందూ దొంగను చేసింది నేనేనని వాడికి ఇంతవరకూ చెప్పలేకపోయాను.