ర్యాంపుకు అడ్డం

రుచితను ఎత్తుకోవడానికి జనం ఎప్పుడూ సిద్ధమే. బ్యాంకు మెట్ల దగ్గర, బస్సు దగ్గర, పెళ్లి మండపం దగ్గర అడగకుండానే నలుగురు చేతులు చాస్తారు. వద్దంటే మాత్రం మొహాలు మాడ్చుకుంటారు. చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డ ఆ పిల్ల ఇస్నాపూర్‌లో అన్న శివకుమార్ వీపు మీద బడికి వెళ్లి చదువుకుంది. కాలేజీ రోజుల్లో ఒకసారి, బస్సెక్కిస్తామని ఎత్తిన చేతుల్లో ఒకటి పడకూడని చోట పడింది. ఇక ఎవరి చేతుల మీదా ఎక్కడికీ వెళ్లనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. షెడ్డులో వెల్డింగ్ పని చేసే శివకుమార్ ఆ మాట విని, పాత స్కూటీ ఒకటి కొని, దాని వెనక రెండు పక్కలా చక్రాలు బిగించి ఇచ్చాడు. అప్పట్నుంచీ ఆమె ఎక్కడికి వెళ్లినా దాని మీదే.

వికలాంగుల కోటాలో రుచితకు సంగారెడ్డిలో ఆఫీసు ఉద్యోగం వచ్చింది. చేరమన్న ఉత్తర్వు ఎక్కడెక్కడో తిరిగి ఆమె చేతికి అందేసరికి గడువు ఆఖరి రోజు మధ్యాహ్నమైంది. సాయంత్రం ఆఫీసు మూసేలోగా తనే వచ్చి సంతకం పెట్టాలి, లేకపోతే ఉద్యోగం తర్వాతివాళ్లకు పోతుంది. హైవే మీద లారీల మధ్య నుంచి ఆమె స్కూటీ, వెనకాలే శివకుమార్ బైకు ఎలా వచ్చాయో వాళ్లకే తెలియాలి.

ఆఫీసు ఉన్నది ఊరి నడిబొడ్డున. వికలాంగులకని నేల మీద బొమ్మ వేసిన చోట ఎవరిదో జీపు నిలబెట్టి ఉంది. పోనీ, స్కూటీ మీదే ర్యాంపెక్కి వరండాలో దిగితే అక్కణ్నుంచి చంకకర్రలతో నడిచిపోవచ్చనుకుంది. తీరా చూస్తే ర్యాంపు మొదట్లో మూడు ఇనప పైపులు పాతి ఉన్నాయి. ఇదివరకు అందరూ బైకులను ర్యాంపెక్కించి వరండా నీడలో పెట్టుకునేవారట, అందుకని వేయించారట. బైకులైతే ఆగాయి. ర్యాంపు ఎవరి కోసం కట్టారో వాళ్లు కూడా ఆగిపోతారన్న సంగతి అంత పెద్ద ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు. పోనీ కర్రలతో ఎక్కుదామా అంటే, ఆ వాలు మీద పరిచిందంతా నున్నటి గ్రానైటు, కర్ర నిలవదు.

సూపరింటెండెంటు చలపతిరావు బయటికి వచ్చాడు. వాళ్ల నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం ఆయనది. చెడ్డవాడేమీ కాదు. ఇద్దరు కుర్రాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకొస్తారన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపితే, అయితే రిజిస్టరే ఇక్కడికి తెప్పిస్తాను, బండి మీద కూర్చునే సంతకం పెట్టమన్నాడు.

రుచిత మనసు అటే లాగింది. ఒక్క సంతకం చేస్తే ఉద్యోగం తనది. కానీ ఆ వెంటనే, మొదటి రోజు బయటే ఉండిపోతే ఎప్పటికీ బయటే అన్న భయం పట్టుకుంది.

"సార్, ఇయ్యాల సంతకం బయట పెడ్త. రేపటి సంది పని గూడ బయటనే కూసొని చేయాల్నా?"

"రేపటి సంగతి రేపు చూద్దామమ్మా. ముందు ఉద్యోగం నిలబెట్టుకో" అన్నాడాయన.

ఇంతసేపూ శివకుమార్ వంగి పైపుల అతుకుల మీద బొటనవేలు రాస్తున్నాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు.

"చెల్లె, ఇవి నేనే పెట్టిన. కాంట్రాక్టర్ తోని వచ్చిన. బండ్లు ఎక్కొద్దన్నరు, పెట్టిన. నీ బండి యాదికే రాలే."

తన బండి చక్రాలు బిగించిన చెయ్యి అది. రుచితకు అన్న మీద ఎన్నడూ అంత కోపం రాలేదు, కోపంతో పాటు ఏడుపూ వచ్చింది. అతను సిగ్గుతో చచ్చిపోతూ రెండు చేతులూ చాచాడు.

"నేనేమన్న పరాయోణ్ణా? నేనెత్తుకపోత, రా."

"నన్ను ఎత్తకు. పైపులు కొయ్యి" అంది.

శివకుమార్ బైకు మీద పోయి ఏదో గ్రిల్లుల షాపు నుంచి గ్రైండర్ అడిగి తెచ్చాడు. పక్కనున్న జిరాక్సు షాపతను ప్లగ్గు ఇచ్చాడు. సర్కారు ఆస్తి, కేసవుతుందని చలపతిరావు కేకేశాడు. తన పేరు మీదే రాసుకోమని శివకుమార్ మిషన్ ఆన్ చేశాడు. జనం మూగారు. మొదటి పైపు పడింది. రెండోది సగంలో ఉండగా డిస్కు పగిలింది, కొత్తది తేవడానికి అతను మళ్లీ పరుగెత్తాడు. లోపల ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపేస్తున్నారు. రుచిత హ్యాండిల్ గట్టిగా పట్టుకుని కూర్చుంది. పంతానికి పోయి చేతికొచ్చిన అన్నం కాలదన్నుకుంటున్నానా అనుకుంది. మూడో పైపు పడుతుండగానే బండి ఎక్కించింది. క్లర్కు బీరువాకు తాళం వేయబోతుంటే చలపతిరావే ఆగమన్నాడు. ఆయన విసురుగా రిజిస్టరు ముందుకు తోశాడు. రుచిత సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున వచ్చేసరికి ర్యాంపు నిండా బైకులు. పైపులు పోయాయి కదా, అందరూ మళ్లీ ఎక్కించేశారు. కింది నుంచి వరండా దాకా కాలు పెట్టే సందు లేదు. అటెండరు నవ్వుకుంటూ ఎదురొచ్చాడు.

"పరేషాన్ గాకు మేడమ్, మేం ఎత్తుకస్తం."

రుచిత స్కూటీని ర్యాంపు మొదట్లో అడ్డంగా పెట్టింది. హ్యాండిల్ లాక్ చేసి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుంది.

"అందరు బండి తాళాలు వట్టుకోని రాండ్రి. అప్పుడు జరుగుత."

కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. ఆమె బండి దిగలేదు. లోపల్నుంచి అందరికంటే ముందు తాళంచెవితో వచ్చింది చలపతిరావు. కలెక్టరాఫీసులో ఆయనకు మీటింగుంది. వరండా నీడలో, అన్నిటికంటే పైనున్న బండి ఆయనదే. కింది బండ్లన్నీ తీస్తే గాని అది దిగదు.