మా మామ పెట్టిన పేరు

మొన్న పొద్దున కామారెడ్డిలో నా కుట్టు దుకాణం తెరిచి, మిషన్‌కు నూనె చుక్కలు వేసి, అది ఇంకేదాకా ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నేను ఆడే ఆటలో కొత్త మార్పులు వచ్చాయి. వింత జీవాలను అడవుల్లో వెతికి, వల వేసి పట్టి, సాకి, వాటిని పోటీలకు దింపే ఆట అది. నా వయసు ఆడవాళ్లు ఇలాంటివి ఆడటమేమిటని ముఖం పెట్టినవాళ్లు నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లలోనే ఉన్నారు. వాళ్లెవరో నాకు బాగా గుర్తు. వాళ్ల జాకెట్లు ఎప్పుడూ చివరనే కుడతాను. సరే, ఆట కింద ఆడేవాళ్లు రాసిన అభిప్రాయాలు చదువుతున్నాను. "ఇన్నేళ్లకు కళ్లు తెరిచారు" అని ఒకరు. "ఆట పాడైపోయింది, నేను మానేస్తున్నాను" అని ఇంకొకరు. ఈయన ప్రతిసారీ మానేస్తూనే ఉంటాడు. మూడో ఆయన మాత్రం, "కానుకగా వచ్చిన జీవాల పేర్లు మార్చుకునే వసతి పెట్టారట. దీన్ని అడిగినవాళ్లెవరో గానీ వాళ్లకు ఈ ఆట విలువ తెలియదు" అని రాశాడు.

అడిగింది నేను. మార్పులు వచ్చిన ప్రతిసారీ, అయిదు చుక్కలు ఇవ్వాల్సినచోట ఒక్క చుక్క పెట్టి, అదే ఫిర్యాదు, అవే మాటల్లో రాస్తూ వచ్చాను. ప్రతిసారీ "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని ఒకే జవాబు వచ్చేది. విలువైనదైతే ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? అది నేను మరిచిపోలేదు. కానీ ఇంతకాలానికి అడిగింది చేతికి వచ్చిన పొద్దున, మిషన్ ముందు కూర్చుని, నాకు సంతోషం ఎందుకు కలగలేదో నాకే తెలియలేదు. ఆ సంగతి చెప్పాలంటే ఎల్లారెడ్డిలో ఉండే మా మామ గురించి, ఆయన విరిగిన కాలి గురించి చెప్పాలి.

మామ అంటే మా ఆయన తండ్రి. పశువుల బేరాలు చేసేవాడు. ఏ ఊరి అంగడిలోనైనా అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి, చేతుల మీద తువ్వాల కప్పి, ఆ చాటున వేళ్లు పట్టుకుని ధర తేల్చేవాడు. నోటితో ధర చెప్పడం ఆయన లోకంలో మర్యాద కాదు. అసలు నోటితో ఏది చెప్పడమైనా ఆయనకు కొంచెం నామోషీయే. నా పెళ్లయిన కొత్తలో ఆ ఇంటికీ నాకూ చెడింది. కారణం పెళ్లి క్యాసెట్. వీడియో తీసేవాణ్ణి కుదిర్చింది మామ. ఆ మనిషి అటువైపు వాళ్లు వక్కలు నమలడం కూడా వదలకుండా తీశాడు. మా అమ్మ మాత్రం మొత్తం క్యాసెట్‌లో ఒకే ఒక్కసారి, అదీ వీపు వైపు నుంచి, విస్తళ్ల కట్ట మోస్తూ కనిపిస్తుంది. ఈ మాట నేను అత్తింట్లో అందరి ముందూ అన్నాను. ఆ తర్వాత పండగలకు తప్ప ఆ గడప తొక్కలేదు. పండగలకు కూడా ముఖం తిప్పుకునే వెళ్లాను.

ఒక వానాకాలం మొదట్లో అంగడిలో బర్రె పగ్గం లాగి మామను కింద పడేసింది. కాలు విరిగి, కామారెడ్డిలో సిమెంటు పట్టీ వేయించుకుని ఇంటికి చేరాడు. మా ఆయన దుబాయిలో ఉన్నాడు. ఆడబిడ్డకు అప్పుడే కాన్పయింది. అత్త ఒక్కతే పశువులను చూడాలా, మంచంలో ఉన్న మనిషిని చూడాలా? నన్ను రమ్మని కబురు వచ్చింది. ఆ కబురైనా నాకు కాదు, మా పక్కింటివాళ్ల ఫోనుకు. నా నంబర్ వాళ్ల దగ్గర ఉంది. అయినా వెళ్లాను.

వెళ్లానే గానీ, నాకూ మామకూ మాటలు ఎక్కడివి? అన్నం పెట్టడం, మందు ఇవ్వడం, అంతే. మా ఆయన అంతకుముందే అందరికీ ఫోన్లు పంపి, అన్నింటిలోనూ ఈ ఆట వేసి ఉంచాడు. రాత్రిళ్లు అక్కడి గదిలో తను ఆడేవాడు. ఇక్కడ మేమూ ఆడితే ఒకచోట ఉన్నట్టు ఉంటుందని ఆయన ఆశ. నేను పట్టించుకోలేదు. మామ మాత్రం మంచంలో తోచక తీశాడు. ఒకరోజు చాయ్ ఇవ్వబోతే ఫోన్ నా ముఖం మీదికి తెచ్చి, "పిల్లా, దీని నొసట సుడి ఉందా లేదా చూడు. నాకు కండ్లు ఆనుతలేవు" అన్నాడు. తెరమీద ముక్కు చీదుతూ ఏదో నీలం రంగు జంతువు. పశువులను కొనేముందు చూసే వెంట్రుకల సుడి దీనికెక్కడిది? కానీ వంగి చూశాను. "ఉన్నది మామా, ఎడమకు తిరిగింది" అన్నాను. "అయితే వద్దు. ఇంటికి మంచిది కాదు, ఇడిసిపెట్టు" అన్నాడు. పెళ్లయ్యాక మేమిద్దరం మాట్లాడుకున్న మొదటి మంచీచెడూ అదే.

ఆ తర్వాత నేనూ మొదలుపెట్టాను. ఆ వానాకాలమంతా మంచం పక్కన పీట వేసుకుని ఆడాను. ఈ ఆట గురించి ఎంతమంది అభిప్రాయాలు చదివానో గానీ, మామ అభిప్రాయాల వంటివి ఎక్కడా కనబడలేదు. ఆయన నిప్పు జీవాన్నీ గడ్డి జీవాన్నీ ఒకే జట్టులో పెట్టేవాడు కాదు. రెండూ పక్కపక్కన ఉంటేనే గెలుపని నేనెంత చెప్పినా, "గడ్డివామి పక్కన నిప్పు పెడ్తరా ఎవరన్న? ఈ ఆట చేసినోనికి కొట్టం లేదు" అనేవాడు. అలా వరసగా ఓడిపోయేవాడు. ఓడిపోయి, కంపెనీవాణ్ణి తిట్టేవాడు. ఎగిరే జీవాలను లెక్కలోకే తీసుకోలేదు. కట్టేయడానికి వీల్లేనిదాన్ని కొనడమేమిటని ఆయన వాదం. ఒక్క విషయంలో మాత్రం కంపెనీని మెచ్చుకున్నాడు. ఈ ఆటలో ఒకరు పట్టిన జీవాన్ని ఇంకొకరికి ఇస్తే, అది కొత్త చేతిలో వెంటనే మాట వినదు. వెనక్కి తిరిగి కూర్చుంటుంది, పోటీ మధ్యలో నిద్రపోతుంది. ఆడేవాళ్లంతా దీన్ని తిట్టిపోశారు. మామ మాత్రం, "గిది మాత్రం నిజం. ఎవడో ఎడ్లు తెలిసినోడే చేసిండు" అన్నాడు. అలా ఇచ్చిన జీవానికి మొదటివాళ్లు పెట్టిన పేరే ఉండిపోయేది. పేరు కింద "మొదట పట్టినవారు" అని వాళ్ల పేరు కూడా ఉండేది.

పట్టీ వేసిన కొన్నాళ్లకు మామ కాలివేళ్లు వాచి రంగు మారాయి. నొప్పి ఉందా అంటే లేదంటాడు. పట్టీ అన్నాక వాపు ఉంటుందని చుట్టుపక్కలవాళ్లూ అన్నారు, అత్తా అంది. నాకు ఆ రంగు నచ్చలేదు. ఆటో మాట్లాడి, మామ వద్దంటున్నా ఎక్కించి కామారెడ్డి తీసుకెళ్లాను. ఆస్పత్రిలో మా వంతు రాలేదన్నారు. డాక్టరు లోపల పనిలో ఉన్నారన్నారు. రేపు రమ్మన్నారు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఊకో బిడ్డా, నలుగురు చూస్తున్నరు" అన్నాడు మామ, తువ్వాల ముఖం మీదికి లాక్కుంటూ.

"చూడనియ్యుండ్రి. కాలు మీదా, వాళ్లదా?"

"రేపు రమ్మంటున్నరు గద."

"రేపటిదాక ఈ వేళ్లు ఆగుతయా, వాళ్లనే రాసియ్యమనుండ్రి."

నా గొంతు లోపలికి వినిపించినట్టుంది. డాక్టరే బయటికి వచ్చారు. వేళ్లు నొక్కి చూసి వెంటనే పట్టీ కోయించారు. ఇంకొంచెం ఆలస్యమైతే కాలికే ముప్పు వచ్చేదని, వదులుగా మళ్లీ వేస్తూ చెప్పారు. ఇంటికి వచ్చాం. అత్త దిష్టి తీసింది, మామకు. ఆడబిడ్డ ఫోన్ చేసి తండ్రినీ తల్లినీ అడిగింది, నన్ను అడగలేదు. ఆ ఇంట్లో ఏ నోటి నుంచీ నాకొక మంచి మాట రాలేదు. నేను రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను. తినలేదని కూడా ఎవరూ గమనించలేదు.

తెల్లారి మామ, "ఫోన్ ఇటు తే" అన్నాడు. నా ఫోన్‌నూ తన ఫోన్‌నూ మంచం మీద పక్కపక్కన పెట్టి, పైన తువ్వాల కప్పాడు. కప్పాల్సిన పనేమీ లేదు. చాటున ఏదో నొక్కి, తువ్వాల తీశాడు. నా తెరమీద సగం ఉడుమూ సగం ముళ్లపొదా అయిన ఒక జీవం కూర్చుని ఉంది. దాన్ని పట్టడానికి మామ మంచంలో ఉన్నన్నాళ్లూ ఎంత తంటాలు పడ్డాడో నాకు తెలుసు. ఆయన దగ్గర అంతకు మించింది లేదు. కానీ దాని పేరు చూశాను: పంచాది.

మా వైపు తగవును పంచాది అంటారు. ఎప్పుడూ తగవు పెట్టుకునే మనిషికీ అదే పేరు. అత్త తొంగి చూసి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మంచిగ కుదిరింది" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాలు నిలబెట్టినదానికి ఇదా బహుమానం? అది కూడా నా మాట వినేది కాదు. పోటీకి దింపితే నాకు వీపు చూపించేది. "నీ తీరు నీకే తగిలింది" అని మామ నవ్వేవాడు. ఆ పేరు మార్చుకుందామంటే ఆటలో దారి లేదు. నా ఫిర్యాదులు మొదలైంది అప్పుడే.

మామ లేచి నడిచాడు. నేను కామారెడ్డి వచ్చేశాను. పంచాది మెల్లగా మాట వినడం నేర్చుకుంది. నేను ఎక్కడ ఓడిపోతాననుకున్నా అదే నిలబెట్టింది. ఈలోగా ఎల్లారెడ్డిలో ఒక ముచ్చట జరిగింది. మామ పశువులకు కుడితి కలుపుతూ వంగితే, చొక్కా జేబులోని ఫోన్ తొట్టిలో పడింది. బర్రె మూతి పెట్టి తాగుతుంటే ఆయన చేయి పెట్టి వెతికాడు. ఫోన్ మళ్లీ వెలగలేదు. ఆటలో నంబర్ కలిపి ఉంచితే కొత్త ఫోన్లో అన్నీ తిరిగి వచ్చేవి. కలపమని నేను ఎన్నోసార్లు చెప్పాను. "నా నంబర్ వానికెందుకు? రేపు బర్రె గావాలని ఫోన్ చేస్తడా?" అనేవాడు. ఆయన పట్టినవన్నీ పోయాయి. మా ఆయన కొత్త ఫోన్ పంపినా మామ మళ్లీ మొదలుపెట్టలేదు. కానీ నాకు ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట, "పంచాది ఎట్లున్నది? మంచిగ కొట్లాడుతుందా?" నేనెలా ఉన్నానన్నది ఆ తర్వాతే. అదీ గుర్తుంది నాకు.

కాబట్టి మొన్న ఆ కొత్త వసతిని నొక్కినప్పుడు, కింద సన్నని అక్షరాల్లో వచ్చిన హెచ్చరిక చదివి ఆగిపోయాను. పేరు మారిస్తే "మొదట పట్టినవారు" అన్న వరస కూడా తుడిచిపెట్టుకుపోతుందట. ఆ వరసలో మామ పేరుంది. ఆ ఆటలో ఆయన ఒకప్పుడు ఉన్నాడని చెప్పేది ఇప్పుడు అదొక్కటే. నా ఫోన్లో, నన్ను వెక్కిరించే పేరు కింద.

ఆదివారం దుకాణం మూసి ఎల్లారెడ్డి బస్సెక్కాను. మామ అరుగు మీద కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నాడు. ఫోన్ ముందు పెట్టి సంగతి చెప్పాను.

"మార్చుకో" అన్నాడు తల ఎత్తకుండా. "పగ్గం చేతికిచ్చినంక నన్నడుగుడేంది?"

"కింద మీ పేరు పోతదంట మామా."

ఆయన చేతిలోని కంకి పక్కన పెట్టాడు. ఫోన్ తీసుకుని, చేయి బారుగా చాపి, కళ్లు చికిలించి చూశాడు. "అంగట్ల ఎద్దును అప్పజెప్పేటప్పుడు దాని పేరు చెప్పి ఇస్తం. కొన్నోడు పేరు మార్చడు. దానికి అలవాటైన పిలుపు అది. కని ఇది ఫోన్‌ల జీవం, దీనికేం ఎరుక? నీకు తక్లీఫ్ అయితే మార్చుకో" అన్నాడు. ఫోన్ మాత్రం తిరిగి ఇవ్వలేదు. "సుడి మంచిగున్నది దీనికి. అంగట్లనైతే ఎవ్వనికీ ఇయ్యకపోదును."

"మరి నాకెందుకిచ్చిండ్రు?"

మామ నా వైపు వింతగా చూశాడు. ఇంత తెలివితక్కువదాన్నా అన్నట్టు. అరుగు దిగి, ఆ కాలి మీదే బరువు వేసి, దూడ కట్టు దాకా నడిచి, ఊరికే దాని తల నిమిరి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

"నడుస్తున్న గద" అన్నాడు.

"ఆ మాట అప్పుడే నోటితోని అంటే ఏం పోయేది?"

"ఉన్నదాంట్ల మంచిది ఇచ్చిన గదనే. ఇంకేం అనాలె?"

"ఇచ్చిండ్రు. పేరు గూడ పెట్టిండ్రు."

"మరి ఆ దవఖాన్ల నువ్వు చేసిందేంది, భజననా?"

లోపల్నుంచి అత్త గొంతు: "ఇద్దరిద్దరే. చాయ్ చల్లగైతున్నది, రాండ్రి."

తువ్వాల చాటున ధర చెప్పే మనిషి నాతో అంతకంటే ఎక్కువ ఏం చెబుతాడు? అయినా నోటితో అనాల్సిందేనని నేను ఇప్పటికీ అంటాను. అందులో మార్పు లేదు. కానీ బస్సులో తిరిగివస్తూ, నేను గొంతెత్తినందుకు నన్ను మెచ్చి, తన కొట్టంలోని మేలుజాతిని నా చేతికి ఇచ్చినవాడు ఆయన ఒక్కడేనని నాకు తట్టింది. నా ఫిర్యాదులు విని ముఖం చిట్లించినవాళ్లు లెక్కలేనంతమంది. వాళ్లందరూ నాకు గుర్తున్నారు. మెచ్చుకున్నవాణ్ణి కూడా వాళ్ల పక్కనే ఇన్నేళ్లు కూర్చోబెట్టాను. ఆ రోజు బస్సులో ఆయన్ను అక్కణ్ణుంచి లేపాను.

కామారెడ్డి రాకముందే ఆట కింద నా అభిప్రాయం రాశాను. ఒక్క చుక్క. "పేర్లు మార్చే వసతి వెంటనే తీసేయండి. మొదట పట్టినవాళ్ల పేరు తుడిచే హక్కు మీకు ఎవరిచ్చారు?" కాసేపటికి కింద ఎవరో, "ఇన్నాళ్లూ అడిగింది మీరే కదండీ" అని రాశారు. ఆ పేరు కూడా చూసి పెట్టుకున్నాను. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని కంపెనీ జవాబూ వచ్చింది. తీసేసేదాకా రాస్తూనే ఉంటాను.

పంచాది ఇప్పుడు నా తెరమీద, పాత పేరుతోనే, ముళ్లు నిక్కబొడుచుకుని కూర్చుని ఉంది. ఇన్నేళ్ల కాలం ఆ ముళ్లలో ఒక్కదాన్నీ అరగదీయలేదు. ఎక్కడ చెయ్యి వేస్తే గుచ్చుకోదో మాత్రం నాకు నేర్పింది.