హెచ్చింపు, హెచ్చవేత

అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెబుతాను. నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఆ తర్వాతి లెక్కలన్నీ ఆదివారాల్లో ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లోంచి నాకు నేనే నేర్చుకున్నవి. వాటిలో గుణకారం అని ఉండేది కాదు, హెచ్చవేత అని ఉండేది. నా నోటికి ఆ మాటే అలవాటైంది. "ఈ రెండూ హెచ్చించండి" అన్నప్పుడల్లా వెనక బెంచీలు నవ్వుతాయి.

"సార్, ఏ కాలంల ఉన్నరు మీరు?" అని ఒకమ్మాయి అడిగింది.

"కాలం పాతదే బిడ్డా. జవాబు మాత్రం నీకొచ్చేదే వస్తది" అన్నాను.

ఇదే మాటను నేను ఇంకోచోట కూడా చిన్నప్పటి నుంచి వింటున్నాను, చిక్కడపల్లిలో మా చర్చిలో. సిలువ మీద చచ్చిపోయిన యేసును దేవుడు మళ్లీ లేపాడు, లేపి అందరికంటే పైకి హెచ్చించాడు, తన కుడివైపున కూర్చోబెట్టుకున్నాడు. మా నమ్మకమంతా ఈ మూడు మాటల మీద నిలబడింది. లెక్కల్లో ఆ మాట వాడినప్పుడు చర్చి గుర్తొస్తుంది, చర్చిలో విన్నప్పుడు ఎక్కాలు గుర్తొస్తాయి. ఇన్నేళ్లూ అది నాకు సరదాగానే ఉండేది. ఈ ఏడాది ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు మాత్రం అదే మాట విని నా ఒళ్లు మండింది.

సంగతి చెప్పాలంటే ముందు మా ఈస్టర్ గురించి చెప్పాలి. ఆ రోజు తెల్లవారకముందే మా చర్చివాళ్లం నారాయణగూడ సమాధుల తోటకు వెళతాం. అప్పటికే సమాధులు కడిగి సున్నం వేసి ఉంటాం. ఎవరి వాళ్ల సమాధి మీద వాళ్లు పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, తర్వాత అందరం మధ్యలో ఉన్న ఖాళీ జాగాలో కలుస్తాం. ఒకరు సువార్తలోంచి ఖాళీ సమాధి భాగం చదువుతారు. చదవడం కాగానే అయ్యగారు, అంటే మా పాస్టరు, "ప్రభువు లేచెను" అంటారు. "నిజముగా లేచెను" అని మేమంతా జవాబు చెబుతాం.

ఆ భాగం చాలా ఏళ్లు మా అక్క చదివింది. నర్సుగా చేసేది. నైట్ డ్యూటీ దిగి, యూనిఫాంతోనే నేరుగా సమాధుల తోటకు వచ్చేది. ఆమె పోయినప్పుడు కొత్త జాగా దొరకలేదు. మా అమ్మ సమాధినే మళ్లీ తవ్వి అందులో పెట్టాం. ఆ తర్వాత వచ్చిన ఈస్టర్‌కు అక్క కూతురు లేచి, ఎవరూ అడగకుండానే పుస్తకం తీసుకుని చదివింది. అప్పటినుంచి అది తనదైపోయింది. ఆ పిల్ల మా ఇంట్లోనే ఉంటూ గ్రూప్స్‌కు చదువుతోంది. ఏడాదంతా తల్లి సమాధి దగ్గరకు రమ్మంటే రాదు. ఏదో ఒక పని చెప్పి తప్పుకుంటుంది. ఆ ఒక్క పొద్దున మాత్రం వస్తుంది, చదవాలి కాబట్టి. తల్లి దగ్గరకు తనకున్న దారి అదొక్కటే అని ఇంట్లో అందరికీ తెలుసు.

మట్టల ఆదివారం ఆరాధన చివర్లో అయ్యగారు ప్రకటన చేశారు. ఆయన మా చర్చికి కొత్తగా వచ్చారు. మాట బాగుంటుంది, పాట ఇంకా బాగుంటుంది. "ప్రియులారా, ఈసారి పునరుత్థాన పండుగను మనం హెచ్చింపు ఆరాధనగా చేసుకుంటున్నాం. ఈ సంవత్సరం ప్రభువు హెచ్చించిన బిడ్డలు ముందుకొచ్చి సాక్ష్యమిస్తారు. సమాధుల తోటలో వాక్యం కూడా అలాంటి బిడ్డే చదువుతుంది" అన్నారు. బయట అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారు. ఉద్యోగం వచ్చినవాళ్ల ఫొటోలు, పైన పెద్ద అక్షరాల్లో "హెచ్చించబడిన మా బిడ్డలు".

నేను పనిచేసే సెంటర్ ఓనరు కూడా అచ్చం ఇలాంటి ఫ్లెక్సీయే కడతాడు. అశోక్ నగర్‌లో అవి లేని గోడ లేదు. కానీ అతడిది వ్యాపారం. ఆ సంగతి అతడూ దాచడు, మేమూ నటించం.

మా పిల్లకు, అక్క కూతురికి, ఆ మధ్యనే గ్రూప్స్ ఫలితం వచ్చింది. లిస్టులో పేరు లేదు. చర్చి మెట్లు దిగుతుంటే ఎవరో ఆమె భుజం తట్టి, "నీ టైమ్ కూడా వస్తది తల్లీ, జర గట్టిగ ప్రార్థన చెయ్" అన్నారు. ఆమె తల ఊపింది. ఇంటికి వచ్చాక, గేటు తీస్తూ అంది.

"మామా, ఈసారి ఈస్టర్‌కు నేను రాను."

"అమ్మ దగ్గరికి?"

"ఏమని పోవాలె? ఫెయిలైన్నని చెప్పనీకా? అయ్యగారు చెప్పకనే చెప్పిండు కద అందరికి."

మరుసటి రోజు సాయంత్రం అయ్యగారి ఇంటికి వెళ్లాను. అయ్యగారి భార్య టీ తెచ్చి, "అన్నా, చక్కెర ఎక్కువే వేశాను. మీ మొహం చూస్తే అవసరం అనిపించింది" అని నవ్వి వెళ్లిపోయింది. ఆవిడ మంచిది. ఆ టీ నేను తాగలేదు.

"అయ్యగారు, మా పిల్లను ఎందుకు తీసేసిన్రు?"

"తీసేయడం కాదు బ్రదర్. పిల్లలకు ఆశ చూపించాలి కదా. అశోక్ నగర్‌లో ఎంత నిరాశ ఉందో నాకంటే మీకే బాగా తెలుసు. యేసయ్య హెచ్చించబడ్డాడు, ఆయన్ని నమ్మినవాళ్లూ హెచ్చించబడతారు. అది కళ్లకు కనబడాలి."

"వచ్చినోళ్ల ఫొటో పెడితే రానోళ్లకు ఆశ ఎట్ల పుడతది? మేం ప్రభువు లెక్కల లేమేమో అని అనుమానం పుడతది."

"అలా ఎందుకు తీసుకుంటారు? విశ్వాసంతో చూడండి."

"అరను అరతోని హెచ్చిస్తే ఎంత అయ్యగారు?"

ఆయన నవ్వారు. "ఇది లెక్కల క్లాసు కాదు బ్రదర్."

"పావు. హెచ్చిస్తే పెరగాలని లేదు. తగ్గింది."

"అయితే?"

ఆ "అయితే"కు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన లేచి నా చేతులు పట్టుకుని ప్రార్థన చేశారు. నా కోపాన్ని తీసేయమని దేవుణ్ణి అడిగారు. నా కోపం గురించి నన్ను అడగకుండా దేవుణ్ణి అడగడం నాకు ఇంకా కోపం తెప్పించింది.

జవాబు ఇంటికొచ్చే దారిలో దొరికింది. తగ్గడం గురించే మా నమ్మకమంతా. పైన ఉన్నవాడు కిందికి దిగాడు, మనిషయ్యాడు, మనుషుల్లోనూ నేరస్తుడిగా చచ్చాడు. అంత తగ్గినవాణ్ణే దేవుడు హెచ్చించాడు. పరీక్ష పాసైనవాణ్ణి కాదు. లేచాక కూడా ఆయన చేతులకు మేకుల గాయాలు అలాగే ఉన్నాయి, లేచాడని నమ్మని శిష్యుణ్ణి పిలిచి మరీ వేలు పెట్టి చూడమన్నాడు. ఆ గాయాలతోనే కుడివైపున కూర్చున్నాడు. అంటే ఓడిపోయినవాడి ఒళ్లు ఇప్పుడు సింహాసనం మీద ఉంది. ఫెయిలైన పిల్ల సమాధుల మధ్య నిలబడి చదవడానికి దీనికంటే గట్టి హక్కు ఏం కావాలి? అలాంటి హెచ్చింపును తీసుకుపోయి వీళ్లు ఫ్లెక్సీకి కట్టారు. ఆయన గాయాలు తుడిచి, ఆయనకు కోటు తొడిగి, మా సెంటర్ గోడ మీద ర్యాంకరు పక్కన నిలబెట్టారు. ఉద్యోగం వస్తే ప్రభువు లేచినట్టు, రాకపోతే ఇంకా సమాధిలోనే ఉన్నట్టు. దాన్ని వాళ్లు విశ్వాసం అంటున్నారు.

ఈ మాటలన్నీ ఇంట్లో అరిచినట్టే చెప్పాను. మా పిల్ల అన్నం కలుపుతూ విన్నది. "నాకెందుకు చెప్తున్నవ్ మామా? నేనేమన్న ఫ్లెక్సీ కట్టిన్నా?" అంది.

ఈస్టర్ పొద్దున నేను లేచేసరికి ఆమె తయారై గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో వాళ్లమ్మ బైబిలు. ఇద్దరం నారాయణగూడ దాకా నడిచాం.

తోట మధ్యలో మైకు, లైట్లు, చిన్న వేదిక పెట్టారు. పాట మొదలైంది. మా పిల్ల అటు పోలేదు. గోడవైపు ఉన్న మా సమాధి దగ్గరకు వెళ్లి, పూలు సర్ది, కొవ్వొత్తి వెలిగించింది. గాలికి ఆరిపోతే మళ్లీ వెలిగించి, చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత పుస్తకం తెరిచింది. అక్కడ వేదిక మీద కొత్తగా ఉద్యోగం వచ్చిన అమ్మాయి మైకులో చదువుతోంది. ఇక్కడ ఈమె అదే భాగం మామూలు గొంతుతో, తల్లికి చెబుతున్నట్టు చదువుతోంది. ఆ భాగంలో ఒకామె సమాధి దగ్గర ఏడుస్తూ నిలబడి ఉంటుంది. లేచిన యేసు ఎదురుగా ఉన్నా గుర్తుపట్టదు. తోటమాలి అనుకుంటుంది. అక్కడికి వచ్చేసరికి మా పిల్ల గొంతు ఆగింది. పక్క సమాధి మీది పూలకు నీళ్లు చల్లుతున్న ముసలమ్మ చెంబు కింద పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది.

"చదువు బిడ్డా. మీయమ్మ గూడ గీడనే ఆగేది."

చదివింది, చివరిదాకా. మైకులో "ప్రభువు లేచెను" అని వినపడక ముందే ముసలమ్మ మా పిల్లను చూసి ఆ మాట అంది. "నిజముగా లేచెను" అన్నాం మేమిద్దరం.

జనం చెదిరిపోతుండగా అయ్యగారు మా వైపు వచ్చారు. ఎవరో చెప్పి ఉంటారు. "అమ్మా, బాధపడకు. వచ్చే సంవత్సరానికి ప్రభువు నిన్నూ హెచ్చిస్తాడు. అప్పుడు నువ్వే చదువుదువుగాని."

"వద్దయ్యగారు" అంది. "ఉద్యోగం వచ్చినా రాకున్నా నేను ఈడనే చదువుత. మా అమ్మకు మైకు వద్దు."

ఆయన నావైపు చూసి, వందనాలు చెప్పి వెళ్లిపోయారు. నేను వందనాలు చెప్పలేదు.

తిరిగివస్తూ హోటల్లో చాయ్ తాగాం. ఆమె ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తింటూ, ఎన్నో రోజుల తర్వాత నన్ను ఆటపట్టించింది.

"మామా, రేపటిసంది క్లాసుల గుణకారమే అంటవా ఇగ? హెచ్చించుడు అంటే నీకే బీపీ లేస్తుంది."

"అన" అన్నాను. "ఫ్లెక్సీ కట్టినోళ్లకు మన మాట ఎందుకు ఇడిచిపెట్టాలె?"