ఒకటో నంబరు గాలి

చంద్రరావు బావ ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని చూసేవాడు కాదు, స్విచ్చుబోర్డు చూసేవాడు. పగటిపూట లైటు వెలుగుతుంటే ఆపేసి, ఆ తరువాతే "ఏం వండారు?" అని అడిగేవాడు. ఒకసారి పెళ్లివారింట్లో కూడా అలాగే ఆపేశాడు. అది వీడియో తీసే అబ్బాయి పెట్టుకున్న లైటు. పెళ్లికొడుకు తాళి కట్టే సమయానికి వీడియోలో మండపం చీకటైపోయింది. ఆడపెళ్లివారు తిడుతుంటే తువ్వాలు దులుపుకుని, "నాలుగు లైట్లు ఉన్నాయి కదండీ, అయిదోది ఎందుకు?" అన్నాడు.

మా ఇద్దరిదీ ఒకే మిల్లు. పెద్దాపురం నుంచి సామర్లకోట వెళ్లే రోడ్డు మీద ఉప్పుడు బియ్యం మిల్లు. నేను బస్తాలు మోసేవాణ్ణి, ఆయన బాయిలరు దగ్గర ఉండేవాడు. ధాన్యం ఉడకాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి పొయ్యి ఆరకూడదు. తట్టతో ఊక ఎత్తి పొయ్యి నోట్లో కొట్టడమే ఆయన పని. మీసాలు వచ్చిన కొత్తలో ఆ పనిలో చేరి, తల నెరిసేదాకా అదే చేశాడు. ముక్కుకి గుడ్డ కట్టుకో బావా అంటే, "కట్టుకుంటే ఊపిరాడదురా" అనేవాడు.

కాలనీలో ఆయనది ఒక గది, ముందు అరుగు ఉన్న ఇల్లు. ఆ గదిలో ఒక ఫ్యాను. మిల్లు ఆఫీసులో పాత రెగ్యులేటరు తీసి పారేస్తే తెచ్చుకుని దానికి బిగించుకున్నాడు. నల్లగా, టిఫిన్ డబ్బా అంత ఉండేది. దాన్ని ఒకటి మీద పెట్టి, వాళ్లావిడ పాపాయక్కని మళ్లీ ముట్టుకోనివ్వలేదు.

"ఒకటి మీద తిరిగితే ఒక వంతు కరెంటు, అయిదు మీద తిరిగితే అయిదు వంతులు. కుళాయి లాంటిదేరా. ఎంత తిప్పితే అంత పారుద్ది" అని మాకు చెప్పేవాడు.

వినడానికి బాగానే ఉండేది. మేం ఎవరం దాన్ని కాదనేంత చదువుకోలేదు. కాలనీలో సగం ఇళ్లలో ఫ్యాన్లు ఒకటి మీదకే దిగిపోయాయి.

"ఆ ఫ్యాను రెక్క మీద దోమ కూర్చుని ఊయల ఊగుతుంది బావా" అని నేను ఏడిపించేవాణ్ణి.

"ఊగనీరా. అదేమన్నా నా బిల్లు పెంచుతుందా?"

"తిరుగుతుందో లేదో వేలెట్టి చూడాలి తమ్ముడూ మా ఇంట్లో. చెమటకి జాకెట్టు పిండుకుని మళ్లీ అదే తొడుక్కుంటన్నాను" అనేది పాపాయక్క. అయినా ఆ డబ్బా జోలికి వెళ్లేది కాదు. ఆయన మాట మీద ఆవిడకి అంత నమ్మకం.

ఊక దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఎప్పుడు చేరిందో తెలియదు. ముందు దగ్గు, తరువాత ఆయాసం. కాలనీ మొదట్లో ఉన్న బోరింగు దాకా నడిచి, మధ్యలో ఎవరి అరుగు మీదో కూర్చుండిపోయేవాడు. పోయిన సంక్రాంతి వెళ్లాక కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. పది రోజులు ఉంచుకుని, ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోవాలని చెప్పి పంపించారు. కరోనా రోజుల్లో ఎవరో దాతలు ఊరికి ఇచ్చిన మిషను పంచాయతీ గదిలో మూలపడి ఉంటే, అందరం వెళ్లి అడిగి తెచ్చాం.

చిన్న బీరువా అంత ఉంటుంది. అడుగున చక్రాలు. ప్లగ్గు పెడితే గుర్రుమంటూ గదిలో గాలిని పీల్చి, మంచి గాలి చేసి గొట్టంలోంచి ముక్కుకి పంపుతుంది. ముందువైపు సన్నటి గాజు గొట్టం, అందులో ఒక గుండు. పక్కనున్న నాబు తిప్పితే గుండు పైకీ కిందికీ జరుగుతుంది. గుండు ఎప్పుడూ రెండో గీత మీద ఉండాలి, తినేటప్పుడూ పడుకునేటప్పుడూ కూడా గొట్టం తీయకూడదు అని డాక్టరు చెప్పాడు.

పక్కన మనిషి లేకపోతే కుదరదు కాబట్టి పాపాయక్క మిల్లు కళ్లంలో ధాన్యం ఎండబెట్టే పని మానేసింది. ఇక ఆ ఇంటికి వచ్చేది బావకి వచ్చే ముసలి పింఛను ఒక్కటే. బియ్యం అందులోనే, మందులు అందులోనే. ఒకటో తారీఖున సచివాలయం నుంచి నాగశ్రీ అనే అమ్మాయి ఇంటికే తెచ్చి ఇచ్చేది. వేసవి మొదట్లో ఒక ఒకటో తారీఖున వచ్చినప్పుడు, ఆ అమ్మాయి మిషను వంక చూసి కాసేపు నిలబడిపోయింది.

"పెద్దమ్మగారూ, కరెంటు ఎంత కాలుతుందో చూసుకుంటున్నారా?"

"ఏంటమ్మా, ఏమైంది?"

"ఆర్నెల్ల సగటు మూడొందల యూనిట్లు దాటితే పింఛను ఆగిపోద్దండి. మీది పోయిన నెల దాటేసింది."

"అది ఏసీలు ఉన్నోళ్లకి కదమ్మా?"

"ఏసీ తిరుగుతుందో ఈ మిషను తిరుగుతుందో మీటరుకి తెలీదు కదండీ."

"డాక్టరు రాసిన కాగితం ఉందమ్మా, ఇమ్మంటావా?"

"ఇవ్వండి, పైకి పంపుతాను. వాళ్లు ఎప్పుడు చూస్తారో మాత్రం నేను చెప్పలేనండి. ఈలోపు మీరు కొంచెం తగ్గించుకోండి." ఆ అమ్మాయి ముఖం కూడా బాలేదు. మంచినీళ్లు ఇస్తే తాగకుండానే వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆ ఇల్లు చూడాలి. వాయిదాల్లో కొనుక్కున్న ఫ్రిజ్జు ప్లగ్గు తీసేసి, అందులో బట్టలు సర్దేసింది పాపాయక్క. మిక్సీ అటక ఎక్కింది, రుబ్బురోలు కిందికి దిగింది. టీవీ మీద దుప్పటి కప్పారు. మోటారు వేయడం మానేసి బోరింగు దగ్గర బిందెలతో నీళ్లు మోసింది. పొద్దుండగానే వంట ముగించేది. ఫోను మా ఇంట్లో చార్జింగు పెట్టుకునేది. చివరికి ఒకటి మీద తిరిగే ఆ ఫ్యాను కూడా ఆపేశారు. పక్కనే కూర్చుని తాటాకు విసనకర్రతో విసిరేది.

"ఫ్రిజ్జులో చీరలు పెట్టుకున్న ఆడది ఈ జిల్లా మొత్తంలో మీ అక్కేరా" అని నవ్వేవాడు బావ, దగ్గు మధ్యలో.

"నవ్వండి, నవ్వండి. మీ పంచెలు కూడా అందులోనే ఉన్నాయి" అనేది అక్క.

ఇన్ని చేసినా ఆయన ఆయాసం పెరిగింది. గోళ్లు నల్లబడ్డాయి, పాదాలు పొంగాయి. మాట మధ్యలో ఆగి ఊపిరి తెచ్చుకోవాల్సి వచ్చేది. "గుండు రెండు మీదే ఉంటుంది తమ్ముడూ, నేను ఎప్పుడు చూసినా అక్కడే ఉంటుంది. మరి ఎందుకిలా అవుతుంది?" అని అక్క నన్ను అడిగింది. నాకేం తెలుసు? ఎండల వల్లేమో అన్నాను. బావ మాత్రం హుషారుగానే ఉండేవాడు. "ఈ నెల చూడరా, రీడింగు దిగుద్ది" అనేవాడు.

రీడింగు తీసే కిరణ్ కుమార్ వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. అంతకుముందు ఇళ్లకి వైరింగు పని చేసిన కుర్రాడు, కాలనీలో అందరికీ తెలిసినవాడు. బయట గోడ మీద మీటరు చూసి, చేతిలో మిషను నొక్కి బిల్లు తీశాడు.

"ఎంతొచ్చింది బాబూ?" అని అక్క గుమ్మంలోకి వచ్చింది.

"మూడొందల ఇరవై చిల్లర పిన్నిగారూ."

"అదేంటి? అన్నీ ఆపేశాం కదా! ఫ్యాను కూడా వేయట్లేదు కదా!"

"పోయిన నెల కంటే దిగిందండి. ఇంకా గీత దాటే ఉంది."

లోపల మంచం మీద నుంచి బావ గొంతు వినిపించింది. "అలా రాకూడదే. నేను నాబు కూడా తగ్గించాను కదయ్యా."

అక్క వెనక్కి తిరిగింది. "ఏ నాబు?"

ఆయన మిషను వంక చూశాడు.

అప్పుడు తెలిసింది. అక్క బిందె పట్టుకుని బోరింగుకి వెళ్లినప్పుడు, కొట్టుకి వెళ్లినప్పుడు, అలిసి నిద్రపోయినప్పుడు, ఆయన చెయ్యి చాపి గుండుని ఒకటి మీదకి, ఇంకా కిందికి దించేవాడు. అడుగుల చప్పుడు వినిపిస్తే మళ్లీ రెండు మీద పెట్టేసేవాడు. ఆ వేసవి పొడుగునా ఊపిరి పొదుపు చేస్తూ పడుకున్నాడు.

కిరణ్ కుమార్ చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. మిషను మీద చెయ్యి వేసి చూశాడు. "బాబాయ్ గారూ, ఆ నాబు గాలికి. కరెంటుకి కాదు. మీరు గుండు ఎక్కడ పెట్టినా లోపల మోటారు ఇలాగే తిరుగుద్ది."

"ఒకటి మీద పెడితే?"

"అంతే కాలుద్ది."

"అర మీద పెట్టినా?"

"అంతేనండి."

బావ కాసేపు పైకి చూశాడు. ఆగిపోయిన ఫ్యాను రెక్కల మీద దుమ్ము పట్టి ఉంది. "మరి ఫ్యాను?" అన్నాడు.

"ఈ డబ్బా రెగ్యులేటరుతోనా? పెద్దగా ఏం మిగలదండి. ఫ్యానుకి వెళ్లనిది ఆ డబ్బాలో వేడైపోద్ది. ముట్టుకుంటే కాలేది కదా, చూసుకోలేదా?"

"కాలేది" అన్నాడు బావ. బాయిలరు దగ్గర బతికినవాడు. ఆ వేడి ఆయనకి వేడిలా అనిపించి ఉండదు.

అక్క మంచం పట్టె మీద కూర్చుని, రెండు చేతులతో ఆయన పాదాలు పట్టుకుంది. తిట్టలేదు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

"మరి దేన్ని ఆపితే తగ్గుద్ది బాబూ?" అని అడిగాడు బావ.

కిరణ్ కుమార్ మిషను వంక చూసి, నా వంక చూశాడు. బిల్లు అక్క చేతిలో పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు.

బావ అడిగిన ఆ మాట ఇక ఆ గదిలోంచి పోలేదు. మొదట్లో మిషను ఆపడానికి అక్క ఒప్పుకోలేదు. మిషను స్విచ్చు మీద ప్లాస్టరు అంటించేసింది. తరువాత వచ్చిన ఒకటో తారీఖున నాగశ్రీ పింఛను ఇచ్చి, "కాగితానికి ఇంకా జవాబు రాలేదండి. సగటు కట్టడానికి ఇంకో రెండు నెలల రీడింగు ఉంది. అవి బాగా తగ్గితేనే" అని చెప్పి తల దించుకుని వెళ్లింది. ఆ రోజు నుంచి బావ అక్కని బతిమాలడం మొదలుపెట్టాడు.

"పగలు కాసేపేనే. అరుగు మీద కూర్చుంటాను. మరిడమ్మ జాతర పందిళ్లు వేస్తున్నారంట కదా, చూసినట్టు ఉంటుంది."

"మీకు ఊపిరాడదండీ."

"పింఛను ఆగితే ఇద్దరికీ ఆడదు. ప్లాస్టరు తీయి. నేను లేవలేను, నువ్వే ఆపు."

ఆపింది. అలా రోజూ మధ్యాహ్నం గంజి తాగాక మిషను ఆపి, భుజం పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టేది. టీ వేళకి లోపలికి తీసుకెళ్లేది. కొన్నాళ్లకి టీ వేళ కాస్తా దీపాల వేళ అయింది. నేను మిల్లు నుంచి వచ్చేసరికి ఆయన గోడకి చేరగిలబడి, నోరు తెరిచి ఊపిరి లాక్కుంటూ ఉండేవాడు. పక్కన అక్క విసనకర్రతో ఆపకుండా విసురుతూ ఉండేది, గాలి ఎక్కువ విసిరితే లోపలికి ఎక్కువ వెళుతుందన్నట్టు. లోపలికెళ్లి గొట్టం పెట్టుకో బావా అంటే, "ఇవాళ బాగానే ఉందిరా" అనేవాడు. నేనూ వచ్చి కూర్చునేవాణ్ణి. చెప్పడానికి నా దగ్గర ఇంకో దారి లేదు.

జాతరకి మా వీధి పొడుగునా సీరియల్ లైట్లు కట్టారు. బావ ఇంటి చూరు మీదుగా ఒక దండ వెళ్లింది. ఆ రోజు మిల్లుకి సెలవు. అన్నం తిని వెళ్లేసరికి ఆయన అరుగు మీదే ఉన్నాడు. ఎర్రటి ఎండ. ఎవరో కట్టి చూసుకుని మర్చిపోయారు, లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆయన వాటి వంకే చూస్తున్నాడు.

"పగలే... వెలుగుతున్నాయిరా. ఆపమను... ఎవర్నన్నా."

"అమ్మవారి లైట్లు బావా, మనం ఆపలేం."

"ఆవిడకైతే... మీటరు లేదులే" అన్నాడు. నవ్వు రాబోయి దగ్గు వచ్చింది. ఆ దగ్గు మధ్యలోనే మనిషి పక్కకి ఒరిగిపోయాడు.

ఇద్దరం ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లాం. అక్క స్విచ్చు వేసి, ముక్కుకి గొట్టం పెట్టి, నాబు ఆఖరిదాకా తిప్పేసింది. మిషను గుర్రుమని లేచింది. గుండు ఎగిరి అయిదు మీద నిలబడింది. బావ ఛాతీ లేవలేదు. అక్క మాత్రం నాబు ఇంకా తిప్పుతూనే ఉంది, అది తిరిగేది అయిపోయినా.

పెద్దకర్మ అయ్యాక పంచాయతీ వాళ్లు వచ్చి మిషను తీసుకెళ్లారు. గదిలో ఆ మూల చక్రాల గుర్తులు మిగిలాయి. నెలాఖరుకి కిరణ్ కుమార్ రీడింగు తీసి, బిల్లు గుమ్మం దగ్గర పెట్టి, లోపలికి తొంగిచూడకుండా వెళ్లిపోయాడు. ఒకటో తారీఖున నాగశ్రీ వచ్చింది. పింఛనుతో కాదు, అక్క వేలిముద్ర కోసం.

"పెదనాన్నగారి పింఛను మీ పేరు మీదకి రాస్తున్నామండి." ఆ అమ్మాయి ఫోను చూస్తూ ఆగింది. "యూనిట్లు కూడా బాగా తగ్గిపోయాయి. ఇబ్బంది ఉండదండి."

అక్క వేలు పెట్టింది. అమ్మాయి వెళ్లాక చాలాసేపు నేల మీద అలాగే కూర్చుంది. ఉక్కగా ఉంది. నేను విసనకర్ర కోసం చూస్తుంటే ఆవిడే లేచి గోడ దగ్గరికి వెళ్లి, స్విచ్చు వేసి, నల్ల డబ్బా మీద చెయ్యి పెట్టింది. అది ఒకటి మీదే ఉంది. ఒక్కొక్క అంకె దాటిస్తూ అయిదు దాకా తిప్పింది.

ఫ్యాను కిర్రుమని, ఊగి, జోరందుకుంది. రెక్కల మీది దుమ్ము అంతా మా మీద రాలింది. గోడ మీద క్యాలెండరు టపటపా కొట్టుకుంది. అక్క జుట్టు ఊడి ముఖం మీద పడింది, తీసుకోలేదు. తల ఎత్తి దాని కిందే నిలబడింది.

"ఇంత గాలి వస్తదని నాకు తెలీదు తమ్ముడూ" అంది.