బాబాయి లేచాకే పంది ముక్కలు

నిప్పుల మీద సాస్ మాడిన వాసన తగిలితే నాకు ముందు ఒళ్ళు మండుతుంది.

చిన్నప్పుడు అబుదాబిలో, ఒక మ్యాచ్ రోజు, మా వరండా నిండా నాన్న స్నేహితులే. కారం సాస్ పట్టించిన పంది ముక్కలు మాత్రం ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.

"ఎప్పుడు కాలుస్తావు నాన్నా?"

"మస్తాన్ బాబాయి వాళ్ళు అది తినరురా. ఆయన ఎదురుగా కాలిస్తే బావుంటుందా? వెళ్ళాక పెడదాం."

ఆయనేమో కుర్చీకి అతుక్కుపోయాడు. నేను పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. చివరి ఓవర్లలో, మ్యాచ్ ఎటూ తేలకముందే లేచాడు.

"డ్యూటీ ఉందన్నా. యల్లా, ఇక బయల్దేరతా, మీరు కానీయండి."

ముక్కలు చుర్రుమన్నాయి. చెత్త పారేయడానికి వీధిలోకి వెళ్తే ఆయన కారు అక్కడే ఉంది. లోపల ఫోన్‌లో అదే మ్యాచ్ చూస్తున్నాడు. డ్యూటీ ఎగ్గొట్టాడనుకున్నాను.

మా కోసమే లేచాడని పెద్దయ్యాక గానీ తట్టలేదు. ఇప్పుడు కోపం నాన్న మీద. బాబాయిని ఆపి కూర్చోబెట్టాల్సింది. ఆ ముక్కలు ఇంకో పావుగంట ఆగేవి కదా!