నా ఆకులోని ముద్ద

పంతొమ్మిది వందల ముప్పైలలో నేను విరుదునగర్‌లో హైస్కూలు ఆఖరి తరగతి చదువుతూ హాస్టల్లో ఉండేవాణ్ణి. ఇంటి దగ్గర సజ్జ సంగటి తిని పెరిగిన మేమే అక్కడ వరి అన్నం ఆకుల్లో వదిలేసి లేచేవాళ్లం. చూసి చూసి ఒళ్లు మండి నేనొక పద్ధతి పెట్టించాను. వడ్డన కాగానే, ఆకులో చెయ్యి పెట్టకముందే, ఎక్కువనిపించిన అన్నాన్ని ఎవరికి వారు ఒక కుండలో వెయ్యాలి. టౌనులో బంధువుల పంచన ఉంటూ మధ్యాహ్నం పస్తుండే మా తరగతి గురుసామి వచ్చి అది తినేవాడు.

ఒకరోజు నేనే మరిచిపోయాను. సగం తిన్నాక గుర్తొచ్చి, చారు తగలని పక్కనుంచి ఒక ముద్ద తీసి కుండలో పడేశాను. గుమ్మంలో నిలబడి గురుసామి చూశాడు.

"ఏమిరా, నీ ఎంగిలిని నేను తినేదా?"

"ఆ పక్క చెయ్యి తగల్లేదురా."

"ఆకు ఒకటే గదరా!"

అందరూ నావైపే చూస్తున్నారు. తప్పు ఒప్పుకోబుద్ధి కాలేదు.

"ఊరికే వచ్చే కూటికి ఇంత రోషమా?" అన్నాను.

అతను కుండ ఎత్తి నా ఆకుమీద బోర్లించాడు.

"కూటికి లేనోణ్ణే, మానం లేనోణ్ణి గాదు. నువ్వే తిను!"

ఆ పూట కుండెడన్నం గేదె కుడితిలో కలిసింది. గురుసామి మళ్లీ రాలేదు. పరీక్షలయ్యేదాకా మధ్యాహ్నాలు బడి వెనక నీళ్లు తాగి కూర్చునేవాడు. నన్ను చూస్తే ఉమ్మేవాడు.

అంత అన్నం పారబోశాడని ఏళ్ల తరబడి అతన్నే తిట్టుకున్నాను. ఆ కుండను చెడగొట్టింది అతని చెయ్యి కాదు, నా నోరు.

— ఒక పాఠకుడు, ఏళాయిరంపన్నై